భోజనం చేస్తున్న మనిషిని పిలవకూడదు

మధ్యాహ్నం ఒంటి గంట కాగానే ఆఫీసు ఫోన్లు రెండింటినీ సొరుగులో పెట్టి తాళం వేసేదాన్ని. బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి, చేతులు కడుక్కుని వచ్చి, డబ్బా తెరిచేదాన్ని. రెండు అయ్యేవరకు ఎవరు పిలిచినా పలికేదాన్ని కాదు. ఉద్యోగంలో చేరేటప్పుడే యజమానికి ఈ మాట చెప్పాను. జీతం సంగతి ఆయన చెప్పారు, భోజనం సంగతి నేను చెప్పాను. ఆయన "తినొద్దని ఎవరన్నరమ్మా?" అన్నారు.

"తినేటప్పుడు పిలవొద్దంటున్నాను" అన్నాను.

ఒప్పుకున్నారు.

మాది లిఫ్టులకు సర్వీసు చేసే కంపెనీ. సికింద్రాబాద్‌లో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఆఫీసు. ఆ భవనానికి మాత్రం లిఫ్టు లేదు, మెట్లెక్కాల్సిందే. ఫిర్యాదుల బల్ల నాది. అపార్ట్‌మెంట్ల నుంచి ఫోన్ వస్తే వివరాలు రాసుకుని, ఎనిమిది మంది మెకానిక్‌లలో ఎవరు దగ్గరలో ఉంటే వాళ్లను పంపుతాను. నేను తినే గంటలో వచ్చిన ఫోన్లను మిషను రికార్డు చేసుకునేది. లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే చేయడానికి వేరే నంబరు ఉంది, అది నేరుగా మేనేజరు సెల్‌కు పోతుంది. కాబట్టి నా భోజనం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని నా నమ్మకం. మెకానిక్‌లు నా వెనక నన్ను దొరసాని అంటారని తెలుసు. "దొరసాని బువ్వ తింటున్నది, లైన్ కలవదు" అని ఒకతను మెట్ల మీద అంటుండగా నేనే విన్నాను. నాకేమీ కోపం రాలేదు. అందులో అబద్ధం లేదు.

ఈ పట్టుదల తాతగారి నుంచి వచ్చింది. గోదావరి జిల్లాలో ఆయనకు రెండు బియ్యం మిల్లులు ఉండేవి. అక్కడి వ్యవహారాలు గుమాస్తాల మీద వదిలి, పిల్లల చదువుల కోసం సికింద్రాబాద్ వచ్చి, మారేడ్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో ఎవరు మీరినా ఊరుకోని నియమం ఒక్కటే. భోజనం చేస్తున్న మనిషిని పిలవకూడదు. టెలిగ్రాం వచ్చినా వరండాలో ఆగాల్సిందే.

ఒకసారి పెద్ద వ్యాపారి ఒకాయన మిల్లుల్లో భాగస్వామ్యానికి కాగితాలు పట్టుకుని వచ్చాడు. సాయంత్రం రైలుకు తిరిగి వెళ్లాలట. లోపలికి కబురు పెట్టమన్నాడు. మావాళ్లు కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు, ఫ్యాను వేశారు, కబురు మాత్రం పెట్టలేదు. తాతగారు మజ్జిగన్నం ముగించి చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కాగితాల మీద వారం తిరక్కుండా మరో మిల్లువాళ్లు సంతకం పెట్టారు. మా కుటుంబం చితికిపోవడం ఆ మధ్యాహ్నమే మొదలైందని చుట్టాలు ఇప్పటికీ అంటారు. మేం మాత్రం ఆ సంగతిని తల ఎత్తుకునే చెప్పుకునేవాళ్లం. నేను ఇప్పటికీ అలాగే చెబుతాను.

మిల్లులు పోయాయి. మారేడ్‌పల్లి ఇల్లూ పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది, దాని లిఫ్టుకు సర్వీసు మా కంపెనీదే. అక్కడినుంచి ఫోన్ వచ్చినప్పుడు కూడా నా గొంతు మారదు. అదే పేటలో వెనక వీధిలో రెండు గదుల పోర్షన్‌లో ఉంటాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తాతగారి నియమం మగవాళ్లకే. నాయనమ్మ అందరూ తిన్నాక, మూడు దాటిన తర్వాత, వంటింట్లో గోడ వారన కంచం పెట్టుకుని కూర్చునేది. ఆవిడ ఒక్క పూటైనా లేవకుండా భోజనం ముగించడం నేను చూడలేదు. ఎవరో కాఫీ అడిగేవారు, ఎవరో చాకలి వచ్చాడని పిలిచేవారు. ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచి, పని చూసి, మళ్లీ కూర్చునేది. అన్నం ఎండిపోయి కంచానికి అంటుకునేది. ఉద్యోగంలో చేరిన రోజున నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ ఇంటి ఆస్తిలో నాకేమీ మిగల్లేదు, కనీసం ఆ నియమమైనా తీసుకుంటాను. నాయనమ్మలా కాదు, తాతగారిలా తింటాను. ఇందులో ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మూడేళ్ల కింద యజమాని అల్లుడు మేనేజరుగా వచ్చాడు. చురుకైనవాడే. ప్రతి మాటకూ ఒక గ్రూపు పెట్టేవాడు, ప్రతి గ్రూపులోనూ పొద్దున్నే ఒక సూక్తి పెట్టేవాడు. వచ్చిన కొత్తలో ఒక ఆదివారం మమ్మల్నందర్నీ హోటల్‌కు పిలిచి, ఉద్యోగానికీ జీవితానికీ మధ్య సమతూకం ఎలా ఉండాలో ట్రైనర్ చేత చెప్పించాడు. మా సెలవు రోజు తీసుకుని మాకు సెలవు విలువ నేర్పించాడన్నమాట. పనివేళల్లో ఎక్కడ విశ్రాంతి తీసుకుంటారో కాగితం మీద రాయమంది ఆ ట్రైనర్ అమ్మాయి. ఒక మెకానిక్ 'బిల్డింగు పైన వాటర్ ట్యాంకు నీడల' అని రాశాడు. ఎంత బాగా రాశారో అని ఆమె అందరిచేతా చప్పట్లు కొట్టించింది. నేను ఖాళీ కాగితం ఇచ్చాను. ఆ తర్వాత ఆఫీసు గోడకు ఒక పోస్టర్ వచ్చింది, సముద్రం ఒడ్డున కళ్లు మూసుకుని కూర్చున్న అమ్మాయి బొమ్మతో. దాని కిందే మా రెండు ఫోన్లూ మోగుతుండేవి.

ఆ ట్యాంకు నీడ గురించి రాసిన మెకానిక్ సంగతే ఇదంతా. నలభై దాటినవాడు, మా కంపెనీలో పదిహేనేళ్లుగా ఉన్నాడు. ఎక్కువ మాట్లాడడు. అతను చేసిన లిఫ్టు గురించి రెండోసారి ఫోన్ రావడం అరుదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో సైనిక్‌పురిలో ఒక అపార్ట్‌మెంటుకు అతన్ని పంపాను. లిఫ్టు తలుపు తాళం సరిగా పడటం లేదని ఫిర్యాదు. తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్టు కదలాలి. ఆ తాళాన్ని పరీక్షించేటప్పుడు మెకానిక్ పైన మిషను గదిలో ఒక చిన్న తీగముక్క కలుపుతాడు. అది ఉన్నంతసేపూ తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. పని అయ్యాక దాన్ని తప్పకుండా తీసెయ్యాలి. ఆ రోజు అతను తీసెయ్యలేదు. మిషను గది మూసి, లిఫ్టు ఆన్ చేసి, బండెక్కి బోయిన్‌పల్లి పోయాడు.

అరగంట తర్వాత ఒక పెద్దావిడ కూరగాయల సంచితో లిఫ్టు తలుపు తీసింది. సంచి లోపల పెట్టి ఒక కాలు లోపలికి వేస్తుండగా, పైన ఎవరో బటన్ నొక్కారు. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు లేచింది. ఆవిడ వెనక్కి పడింది కాబట్టి సరిపోయింది. మణికట్టు బెణికింది. సంచి మాత్రం లిఫ్టుతో పాటు నాలుగో అంతస్తుకు పోయింది.

మర్నాడు పొద్దున మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, రిపోర్ట్ మీరే రాయాలి. కాల్స్ అన్నీ మీ రిజిస్టర్‌లోనే ఉంటాయి కదా. సింపుల్‌గా రాసేయండి. మెకానిక్ నెగ్లిజెన్స్, ఉద్యోగం నుంచి తొలగించాం. అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక కాపీ. అంతే, క్లోజ్."

"అతనితో మాట్లాడారా?"

"మాట్లాడేదేముంది? మర్చిపోయానని అతనే ఒప్పుకున్నాడు."

ఆ కారణం రాసి పంపేసిన మెకానిక్‌ను ఈ ఊళ్లో మరో లిఫ్టు కంపెనీ పెట్టుకోదు. అది మేనేజరుకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నాకు ఆ క్షణంలో జాలి కలగలేదు. తీగ తీయడం అతని పని, తియ్యలేదు. మా ఇంట్లో పని చెడగొట్టినవాణ్ణి క్షమించే అలవాటు లేదు. రిపోర్టు రాయడానికి కాగితం తీశాను.

పదకొండింటికి అతను పనిముట్ల సంచి అప్పజెప్పడానికి వచ్చాడు. స్టోరు తాళం కోసం ఎదురుచూస్తూ మెట్ల మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. నేను నిలబడే అడిగాను.

"పదిహేనేళ్లలో ఎప్పుడూ మర్చిపోనిది నిన్న ఎలా మర్చిపోయారు?"

"మర్చిపోయిన మేడం. తప్పు నాదే."

"అది కాదు నేనడిగింది."

అతను సంచి పట్టీ సర్దుకున్నాడు. "ఒక మాట చెప్తా, కోపం జేయొద్దు. ఎట్లైనా పోయే నౌకరేనాయె."

"చెప్పండి."

"ఒకటి నుంచి రెండు దాకా మీరు తింటరు. ఫోన్ బంద్. ఆ గంటల వచ్చిన కంప్లైంట్లన్నీ జమైతయి. రెండు కొట్టంగనే మీరు అందరికీ ఫోన్లు షురూ జేస్తరు. మేం డబ్బా మూత ఇప్పేది గప్పుడే."

"మీరూ ఒంటిగంటకే తినొచ్చుగా? వద్దని ఎవరన్నారు?"

అతను నవ్వాడు. ఎగతాళి కాదు, లిఫ్టు గురించి తెలియని మనిషికి లిఫ్టు గురించి చెప్పేటప్పుడు వచ్చే నవ్వు. "ఒంటిగంటకు బిల్డింగులోళ్లు తినెటందుకు ఇంటికొస్తరు మేడం. బడిపిల్లలొస్తరు. గప్పుడు లిఫ్టు బంద్ పెట్టి మేం తింటుంటే ఊకుంటరా? ఆ టైముకు ఎట్లన్న జేసి నడిపియ్యాలె. రెండైతే జెర ఖాళీ. నిన్న సుత లిఫ్టు బంద్ జేసి, తీగ అట్లనే ఉంచి, ట్యాంకు కాడ కూసున్న. రెండు బుక్కలు తిన్న. మీ ఫోన్ వచ్చింది."

"ఒక్కసారేగా చేశాను."

"మూడుసార్లు, మేడం."

నేను నా బల్ల దగ్గరికి వచ్చాను. వెన్ను నిటారుగా పెట్టుకునే వచ్చాను, అది నాకు గుర్తుంది. ఒళ్లు మండిపోతోంది. ఉద్యోగం పోగొట్టుకున్నవాడు నా భోజనం మీద తప్పు మోపుతున్నాడనుకున్నాను. అబద్ధమని చూపించడానికే కాల్ రిజిస్టరు తెరిచాను. నా చేతిరాతలోనే ఉంది. రెండూ అయిదుకు ఒకటి, రెండుంబావుకు ఒకటి, రెండూ ఇరవై అయిదుకు ఒకటి. మొదటిసారి అతను ఏమన్నాడో కూడా గుర్తొచ్చింది. "పైన్నే ఉన్న మేడం, తింటున్న" అన్నాడు. "బోయిన్‌పల్లివాళ్లు గంట నుంచి ఎదురుచూస్తున్నారు, త్వరగా కానివ్వండి" అన్నాను.

తింటున్నానని చెప్పిన మనిషిని నేను లేపాను.

పాత పేజీలు తిప్పాను. ప్రతిరోజూ రెండింటికీ మూడింటికీ మధ్య గడులన్నీ నిండి ఉన్నాయి. నేను కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే డబ్బాల ముందు నుంచి లేపుతున్నానని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. మాకు చితికిపోయినా తగ్గని మర్యాద ఉందని విర్రవీగుతాం కదా, ఆ మర్యాద ఎప్పుడూ వరండా వైపుకే చూస్తుంది. వంటింటి వైపు చూడదు. తాతగారికి నాయనమ్మ ఎప్పుడు తింటుందో తెలియదు. నాకూ వీళ్లెప్పుడు తింటారో తెలియదు. నేను ఆయన వారసురాలినే, అందులో సందేహం లేదు.

ఆ రోజు ఒంటిగంటకు డబ్బా తెరవలేదు. రిపోర్టు రాశాను.

రెండు పేజీలు వచ్చింది. మెకానిక్ తీగ తీయడం మర్చిపోయాడని మొదటి వాక్యంలోనే రాశాను, దాచలేదు. ఆ తర్వాత నా మూడు ఫోన్లు, వాటి వేళలు, మొదటి ఫోన్లో అతనన్న మాట, నేనన్న మాట రాశాను. భోజనం మధ్యలో మూడుసార్లు పిలిచి తొందరపెట్టడం ఈ ప్రమాదానికి ఒక కారణమని, పిలిచింది నేనని రాసి, సంతకం పెట్టి, యజమాని గదిలో ఇచ్చాను. మేనేజరు అక్కడే ఉన్నాడు.

యజమాని కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. "ఏందమ్మా ఇది? నీ మీద నువ్వే రాసుకున్నవ్?"

"జరిగింది రాశాను."

మేనేజరు కాగితం లాక్కుని చూశాడు. "మేడమ్, ఇది బయటికి పోతే మన సిస్టమే తప్పని మనమే ఒప్పుకున్నట్టు."

"తప్పే కదండీ."

"హోటల్లో అంత ట్రైనింగ్ ఇప్పించాం. బ్యాలెన్స్ గురించి మనకంటే ఎవరు చేశారు? ఆ పోస్టర్ నేను సొంతంగా డిజైన్ చేయించాను."

"పోస్టర్ బాగుంది. ఆ అమ్మాయికి ఎవరూ ఫోన్ చెయ్యడం లేదు కాబట్టి ప్రశాంతంగా ఉంది."

యజమాని నవ్వు ఆపుకోవడానికి టీ కప్పు ఎత్తారు. మేనేజరు నవ్వలేదు. "మీకు లంచ్ అవర్ ఇచ్చాం, మేడమ్. ఈ ఆఫీసులో ఇంకెవరికీ లేదు. అది కంపెనీ మీకు చేసిన ఫేవర్."

ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. "నాకెవరూ ఏదీ దయ చేయలేదు. షరతు పెట్టి చేరాను. నేను చేసిన తప్పల్లా అది నా ఒక్కదానికే పెట్టుకోవడం. మీరు బ్యాలెన్స్ అంటున్నదాన్ని మా ఇంట్లో మర్యాద అంటారు. అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపి పని చేయిస్తే అతను పని చేస్తాడు, కానీ ఏదో ఒకటి మర్చిపోతాడు. నిన్న తీగ మర్చిపోయాడు. ఆవిడ ముందుకు పడి ఉంటే మనం ఈ గదిలో కూర్చుని ఉండేవాళ్లం కాదు."

"అయితే ఏం జెయ్యాలంటవ్?" అన్నారు యజమాని.

"ఎనిమిది మందిని రెండు జట్లు చెయ్యండి. ఒక జట్టు రెండింటి నుంచి ముప్పావుగంట తింటుంది, రెండో జట్టు ఆ తర్వాత. తింటున్నవాళ్లకు ఫోన్ పోదు, అవతలి జట్టుకు పోతుంది. మనిషి ఇరుక్కుంటే తప్ప. ఒకటి నుంచి రెండు వరకు ఫోన్ దగ్గర నేనుంటాను, పని పేరుకుపోదు. నేను మూడున్నరకు, వాళ్లందరి తర్వాత తింటాను. అతన్ని తీసెయ్యొద్దు."

"శిక్ష లేకుండా ఎట్ల? అపార్ట్‌మెంటోళ్లకు ఏం చెప్పాలె?"

"శిక్ష వెయ్యండి. ఒక వారం పని ఆపండి, జీతం లేకుండా. నాకూ అదే వారం, అదే శిక్ష."

మేనేజరు మామగారి వైపు చూశాడు. యజమాని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీ ఇంటి సంగతి నాకు ఎరుకే అమ్మా. మాట మీద నిలబడి అంతా పోగొట్టుకున్నోళ్లు మీరు."

"అవునండీ. ఇంక పోవడానికేం లేదు, అందుకే భయం లేదు."

"నువ్వు పోతే డెస్కు ఎవరు జూస్తరు?"

"అల్లుడుగారున్నారు. శిక్షణ కూడా అయింది."

ఆ వారం నేను ఆఫీసుకు వెళ్లలేదు. మారేడ్‌పల్లి నుంచి మార్కెట్‌కు నడిచి వెళ్లొచ్చాను, బీరువా సర్దుకున్నాను, ఎండలో అప్పడాలు పెట్టాను. వారం జీతం లేకపోవడం నాకు చిన్న విషయం కాదు. కానీ ఆ కష్టం గురించి ఎవరి దగ్గరా అనలేదు, ఇక్కడా అనను. అక్కడ మాత్రం రెండు ఫోన్ల ముందు మేనేజరు కూర్చున్నాడు. ఆఫీసులో బిల్లులు రాసే అమ్మాయి రోజూ కబురు చెప్పేది. మొదటిరోజు అతని డబ్బా సాయంత్రం నాలుగింటికి తెరుచుకుందట. రెండోరోజు తెరుచుకోలేదట. మూడోరోజు నోట్లో ముద్ద పెట్టుకుని ఫోన్ ఎత్తితే, అవతలి ఆవిడ "తిన్నాక మాట్లాడు నాయనా, మర్యాద లేదా" అని పెట్టేసిందట. నాలుగోరోజు అతను ఒక మెకానిక్‌ను పంపాల్సిన చోటికి కాకుండా వేరేచోటికి పంపాడట. అయిదోరోజు అతనే గోడకు తెల్లబోర్డు కొట్టించి, రెండు జట్ల పేర్లూ, వేళలూ రాశాడట.

సోమవారం నేను వెళ్లేసరికి బోర్డు ఉంది. నేను చెప్పిన పద్ధతినే తను కనిపెట్టినట్టు నాకు వివరించాడు. విన్నాను. ఎవరు కనిపెట్టారన్నది నాకు పట్టదు. ఆ మెకానిక్ కూడా వచ్చాడు. సంచి తీసుకుని, బోర్డులో తన పేరు చూసుకుని, "నమస్తే మేడం" అన్నాడు. "నమస్తే. కాప్రా వెళ్లాలి" అన్నాను. క్షమాపణ చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. చెప్పాల్సింది సంతకం పెట్టి ఇచ్చానని అతనికి తెలుసు.

ఈ పద్ధతి వల్ల ఒక అపార్ట్‌మెంటు మమ్మల్ని వదిలి వేరే కంపెనీకి పోయింది. మేనేజరు ఆ సంగతి నా ముందు రెండుసార్లు అన్నాడు. పోనివ్వండి అన్నాను, రెండుసార్లూ.

నిన్న మధ్యాహ్నం సైనిక్‌పురి నుంచే ఫోన్ వచ్చింది. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి.

"పొద్దున మొదలుపెట్టిన పని ఇంకా కాలేదమ్మా. మీ మెకానిక్ పైన ట్యాంకు కింద కూర్చున్నాడు. లిఫ్ట్ ఆఫ్. ఫోన్ చేసి లేపండి."

"భోజనం చేస్తున్నారండీ."

"అది నాకూ కనిపిస్తోంది. ఎంతసేపు?"

"రెండూ నలభై అయిదు వరకు. లోపల ఎవరైనా ఇరుక్కున్నారా?"

"ఇరుక్కోవడమేంటి, ఆపేసి కూర్చుంటే?"

"మెట్లెక్కలేని పెద్దవాళ్లు ఎవరైనా కింద ఆగిపోయారా? చెప్పండి, ఇంకో మెకానిక్‌ను ఇప్పుడే పంపుతాను."

"ఎవరూ లేరు. అయినా అది కాదు పాయింటు. నేను మీ ఓనర్‌తో మాట్లాడతా."

"మాట్లాడండి. నంబరు రాసుకుంటారా?"

ఆయన గొంతు కొంచెం తగ్గింది. "మీరెవరమ్మా, ఆయనకేమన్నా చుట్టమా?"

"ఫిర్యాదుల బల్ల అండీ. రెండూ నలభై అయిదుకు పని మొదలుపెడతారు. అంతకుముందు ఆయన దగ్గరికి ఎవరినీ పంపకండి."

ఆయన ఏదో గొణిగి ఫోన్ పెట్టేశాడు. రిజిస్టరులో వేళ రాశాను. మెకానిక్‌ను పిలిచారా అన్న గడిలో 'లేదు' అని రాసి, మోగుతున్న రెండో ఫోన్ ఎత్తాను.